చలికాలం చెక్కిన సంత

ఏటా జనవరి 30, 31 తేదీల్లో ఇటలీ వాయవ్య మూలనున్న అవోస్తా నగరంలో పాతబస్తీ అంతా చేతిపనివాళ్లదే. చుట్టూ ఉన్న ఆల్ప్స్ లోయల నుంచి సుమారు వెయ్యి మంది దిగివచ్చి, తాము చెక్కినవీ నేసినవీ అల్లినవీ వీధుల వెంట బల్లల మీద పరుస్తారు. దీని పేరు సాంతోర్సో సంత. వెయ్యేళ్ల నాటిదని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఓర్సో అనే పుణ్యపురుషుడు తన చర్చి ముందు పేదలకు బట్టలు, చెక్కజోళ్లు పంచిపెట్టేవాడట. ఆ దానమే సంతగా మారిందని ఐతిహ్యం. ఆయన పండుగ ఫిబ్రవరి 1న. సంత ముగిసిన మర్నాడే పండుగ.

అవోస్తా పాత ఊరే. సలాస్సీ అనే కొండజాతిని ఓడించి రోమన్లు క్రీ.పూ. 25లో దీన్ని కట్టారు. గ్రేట్ సెయింట్ బెర్నార్డ్, లిటిల్ సెయింట్ బెర్నార్డ్ అనే రెండు కనుమల దారులు కలిసే చోటు కావడంతో సైన్యాలూ వర్తకులూ యాత్రికులూ ఈ ఊరి మీదుగానే నడిచారు. అగస్టస్ పేరిట నిలిపిన తోరణం, నగర ద్వారమైన ప్రెటోరియా గేటు ఇప్పటికీ ఉన్నాయి. సంత వీధులు వాటి మధ్య నుంచే సాగుతాయి. పక్కనే సాంతోర్సో చర్చి. దాని మఠం లోగిట్లో 12వ శతాబ్దపు స్తంభాల తలల మీద బైబిలు కథలు, జంతువుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. ఈ లోయలో ఉలి పట్టిన చేతులు ఎంత పాతవో ఆ రాళ్లు చూస్తే తెలుస్తుంది.

కొండవాళ్లకు ఇంత చేతిపని ఎలా అబ్బింది? చలికాలం వల్ల. మంచు పడితే పొలం పని ఆగిపోతుంది, దారులు మూసుకుపోతాయి. కట్టెలు పొదుపుగా వాడుకోవాలి కాబట్టి సాయంత్రం ఇంటిల్లిపాదీ పశువుల కొట్టంలో చేరేవారు. ఆవుల ఒంటివేడే వాళ్లకు కుంపటి. అక్కడ కూర్చుని మగవాళ్లు చెక్క చెక్కేవారు, ఆడవాళ్లు దారం వడికేవారు, పెద్దలు కథలు చెప్పేవారు. ఆ కూడికను ‘వెయ్యా’ అంటారు. జనవరి 30 రాత్రి జరిగే జాగరణకూ అదే పేరు. ఆ రాత్రంతా వీధుల్లో పాటలు, నేలమాళిగల్లో వేడి వైన్, తెల్లవారేదాకా జనం.

బల్లల మీదున్న వస్తువుల్లో అలంకారం కోసమే పుట్టినవి తక్కువ. ప్రతిదాని వెనకా ఇంటి అవసరం ఒకటుంది. ‘కోపపాన్’నే తీసుకోండి. ఈ లోయలో రై పిండి రొట్టెను ఊరుమ్మడి పొయ్యిలో ఏడాదికి ఒకటి రెండుసార్లే కాల్చేవారు. చెక్క చట్రాల మీద ఆరబెట్టిన ఆ రొట్టె నెలలు గడిచేసరికి రాయిలా బిగుసుకుపోతుంది. మామూలు చాకుకు లొంగదు. అందుకే మందపాటి చెక్కపలకకు ఒక కొసన ఇనుప కొక్కెంతో పొడవాటి కత్తిని బిగిస్తారు. రొట్టెను కింద పెట్టి పిడిని నొక్కితే చాలు, కొక్కెం ఆసరాతో ముక్క తెగుతుంది. పలక మీద మాత్రం పనివాడు తన ముచ్చట తీర్చుకుంటాడు. వృత్తలేఖినితో ఒక వృత్తం గీసి, అదే కొలతతో అంచు మీద ఆరు చోట్ల ముల్లు ఆనించి చాపాలు గీస్తే ఆరు రేకుల పువ్వు వస్తుంది. రేకుల మధ్య చెక్కను చాకుమొనతో ఏటవాలుగా, చిన్న చిన్న పెళ్లలుగా లేపేస్తాడు. చెంచాలు, వెన్న అచ్చులు, భోషాణాలు, ఉయ్యాలల మీద కూడా ఇదే పువ్వు కనిపిస్తుంది.

అంతకన్నా కష్టమైన పని స్నేహపాత్ర, అంటే నలుగురూ కలిసి తాగే పాత్ర. చెట్టు మొద్దును తరిణె మీద తిప్పుతూ గుండ్రని గిన్నెగా మలుస్తారు. గిన్నె చుట్టూ మూతులు రావాలి కాబట్టి నడుము దగ్గర ఒక మందపాటి వలయాన్ని ముందే వదిలేస్తారు. తర్వాత ఉలితో ఆ వలయంలోంచే ఒక్కో మూతినీ తీసి, బెజ్జం వేస్తారు. మూతులు విడిగా చేసి అతికించరు. ఒక్కటి విరిగిందా, పాత్ర మొత్తం పోయినట్టే. అందులో కాఫీ, గ్రాప్ప అనే ద్రాక్షసారా, చక్కెర, నారింజ తొక్క వేసి, అంచు మీద చక్కెర చల్లి మంట అంటిస్తారు. మంట ఆరాక పాత్ర చేతులు మారుతుంది. ఎవరి మూతితో వాళ్లు గుక్కెడు తాగి పక్కవాళ్లకు అందిస్తారు. ఖాళీ అయ్యేదాకా కింద పెట్టకూడదన్నది ఆచారం. ఒంటరిగా తాగడానికి ఈ పాత్ర పనికిరాదు.

తక్కినవీ ఇలాంటివే. అయాస్ లోయవాళ్లు ఒకే దుంగను బయట చెక్కి లోపల తొలిచి చెక్కజోళ్లు చేస్తారు. బలపపురాయిని తరిణె పట్టి కుండలు చేస్తారు. మన రాచ్చిప్పలాగే అవి నెమ్మదిగా కాగి చాలాసేపు వేడి నిలుపుకుంటాయి. కోన్యె ఊరి ఆడవాళ్లు దిండు మీద చెక్క కదుర్లను అటూ ఇటూ దాటిస్తూ లేసు అల్లుతారు. ఎదుట కాగితం మీద నమూనా ఉండదు, వరస అంతా జ్ఞాపకంలోనే. 17వ శతాబ్దంలో క్లూనీ నుంచి వచ్చిన సన్యాసినులు నేర్పిన విద్య ఇదని చెబుతారు. ఇక పిల్లల కోసం పంగల కర్రతో చేసే ఆవుబొమ్మ. కొమ్మ మొదలు ఒళ్లు, రెండు పంగలు కొమ్ములు. ఈ బొమ్మలను ఢీకొట్టించి పిల్లలు ఆడేది పెద్దల వేడుకే. ఈ లోయలో చూలు ఆవులకు కొమ్ములతో తోపులాట పోటీలు పెడతారు. వెనక్కి తగ్గిన ఆవు ఓడినట్టు. తుది పోరు అక్టోబరులో అవోస్తాలోనే. గెలిచిన ఆవు రాణి.

ఆ ఆవుల పాలతోనే ఫోంతీనా అనే ఛీజ్ చేస్తారు. ఒక పూట పితికిన పాలను చల్లారనివ్వకుండా, కాచకుండా తోడుపెట్టాలన్నది నియమం. తయారైన చక్రాలను గుహల్లాంటి చల్లని, తేమ గదుల్లో కనీసం 80 రోజులు మాగబెడతారు. ఉప్పు రాస్తూ, బ్రష్షుతో తోముతూ వాటిని కనిపెట్టుకుని ఉండాలి. వాల్‌పెల్లీన్ లోయలో ఒక పాత రాగి గని సొరంగమే ఇప్పుడు మాగబెట్టే గది. ఎండిన రొట్టె, ఫోంతీనా, క్యాబేజీ పొరలు పొరలుగా పేర్చి, వేడి మాంసపు చారు పోసి, పైన వెన్న, దాల్చినచెక్క వేసి పొయ్యిలో పెడితే అదే ఆ లోయ పేరు మోసిన సూప్. గట్టిపడిన రొట్టెను పారేయకుండా పండుగ వంట చేసుకున్న తెలివి అది.

ఈ సంతలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది వేరే ఉంది. బల్ల వెనక నిలబడేవాళ్లలో చాలామందికి ఇది బతుకుదెరువు కాదు. రైతులు, కార్మికులు, ఉద్యోగులు, పింఛనుదారులు తీరిక వేళల్లో నేర్చుకుని చేస్తారు. బయటి సరుకుకు చోటు లేదు, లోయవాళ్లు చేసినదే సంతకు రావాలి. తమదంటూ ఉన్నదాన్ని కాపాడుకోవడం ఈ లోయకు కొత్త కాదు. ముసోలినీ కాలంలో ఇక్కడివాళ్ల ఫ్రెంచి భాషను అణచివేశారు. 1948లో ప్రత్యేక ప్రతిపత్తి వచ్చాక ఇటాలియన్‌తో పాటు ఫ్రెంచికీ సమాన హోదా దక్కింది. అంత ఒత్తిడిలోనూ తమదంటూ ఒకటి నిలిచిందంటే అందులో ఈ చేతిపనికీ వాటా ఉంది.

చేతివృత్తిని గాజుబీరువాలో పెడితే వస్తువు మిగులుతుంది, పని తెలిసిన చెయ్యి మిగలదు. ఫెనీస్‌లో ఈ కళకు మంచి మ్యూజియం ఉంది. అయినా అవోస్తా అక్కడితో ఆగలేదు. పని నేర్పే తరగతులు నడుపుతోంది, చేసినవాణ్ని ఏడాదికోసారి తన నడివీధిలో నిలబెట్టి పదిమందీ మెచ్చుకునేలా చేస్తోంది. ఏ కళ బతకాలన్నా కొనేవాళ్లు ఉంటే సరిపోదు, నేర్చుకోవాలని ఉబలాటపడే పొరుగువాళ్లూ ఉండాలి. వాళ్లను తయారుచేసుకోవడమే సాంతోర్సో సంత సాధించిన గొప్పతనం.