యాప చెట్టు మీద గొడ్డలి వేసే ముందు

జనగామ చెల్కల గెట్ల మీద, మానుకోట మిర్చి చేన్ల పక్కన, భూపాలపల్లి ఇళ్ల ముందర యాప చెట్టును పనిగట్టుకుని పెంచేవాళ్లు తక్కువ. పిట్ట తిని వేసిన గింజ మొలుస్తుంది. గెట్టుకు హద్దై, బాయికాడ నీడై నిలబడుతుంది. ఎండలు ముదిరినా పచ్చగానే ఉండే ఆ చెట్టు 2021 చివర్లో తెలంగాణ అంతటా మాడిపోయినట్టు కనబడింది. వానలు బాగా కురిసిన ఏడే కొమ్మల కొసలు గోధుమరంగుకు తిరిగి, ఎండు పైనుంచి కిందికి దిగింది. ఏ ఊళ్లో విన్నా యాపలు చచ్చిపోతున్నాయన్న మాటే.

చావలేదు. జబ్బు పడ్డాయి.

జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇద్దరు దోషులను పట్టుకున్నారు. ఒకటి ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం. వాన చినుకుల వెంట కొమ్మ నుంచి కొమ్మకు పాకి లేత రెమ్మలను, పూతను, కాయను ఎండగొడుతుంది. రెండోది టీ దోమ. పేరుకు దోమే గానీ నిజానికి నల్లి జాతి పురుగు. జామ, జీడిమామిడి తోటలవాళ్లకు పాత శత్రువు. లేత చిగురులో ముక్కు గుచ్చి రసం పీలుస్తుంది, గుచ్చిన చోటల్లా మాడుతుంది. రెండూ ఒకే చెట్టు మీద పడితే చూసేవాళ్లకు ఆశ ఉండదు.

ఇందులో ఒక చిత్రం ఉంది. యాప నూనెతో శిలీంధ్రాలను అణిచే పద్ధతి మీద అమెరికా ప్రభుత్వం, ఒక అమెరికన్ కంపెనీ కలిసి యూరప్‌లో పేటెంటు తెచ్చుకుంటే, అది మా పొలాల్లో ఎప్పటినుంచో ఉన్న విద్యేనని భారతీయులు పదేళ్లు పోరాడి 2005లో శాశ్వతంగా రద్దు చేయించారు. శిలీంధ్రాన్ని చంపే నూనెనిచ్చే చెట్టే చివరికి శిలీంధ్రానికి చిక్కింది.

చెట్టుకూ వైద్యం ఉందన్న ఆలోచన మనకు కొత్త కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఆకు పాలిపోవడం, చిగురు ఎదగకపోవడం, కొమ్మ ఎండడం, రసం కారడం అని రోగ లక్షణాలు చెప్పి, కొమ్మ ఎండడానికి శాఖాశోషం అని పేరు పెట్టాడు. చికిత్సలో మొదటి పని కత్తితో చెడిన భాగాన్ని తీసేయడం. ఆ తర్వాతే వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపిన పూత, పాలు కలిపిన నీరు. సురపాలుడి వృక్షాయుర్వేదం వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లో ఉండిపోతే, నళినీ సాధలే ఇంగ్లీషు అనువాదంతో 1996లో దాన్ని అచ్చు వేసింది సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషనే. నెయ్యి, పాలు ఇవాళ అక్కర్లేదు. కత్తి ముందు, మందు తర్వాత అన్న వరుస మాత్రం ఇప్పటికీ మారలేదు.

ఆ కత్తి ఎక్కడ పడాలో తెలుసుకోవడంలోనే పనితనమంతా ఉంది. ఎండిన కొమ్మ బెరడును గోటితో గీరాలి. లోపల పచ్చగా తగిలితే ప్రాణం ఉన్నట్టే. ఎండు ఆగిన చోట కాకుండా, దానికి జానెడు కిందికి, పచ్చి భాగంలో కోయాలి. వాన లేని రోజు చూసుకోవాలి. కోసిన ప్రతిసారీ కత్తిని స్పిరిటుతో తుడవాలి. తీసిన రెమ్మలను పెంటకుప్పలో వేస్తే జబ్బును దాచుకున్నట్టే కాబట్టి కాల్చేయాలి.

కోత గాయానికి బోర్డో పేస్టు పూయాలి. ఫ్రాన్సులో దారి పక్క ద్రాక్షను దొంగలు తెంపకుండా పూసిన మైలుతుత్తం, సున్నం తెగులును కూడా ఆపడం చూసి మిల్లార్డె 1885లో లోకానికి చెప్పిన మందు అది. కిలో మైలుతుత్తం, కిలో సున్నం విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి, మొత్తం 10 లీటర్లయ్యేలా కలపాలి. ఇనుప పాత్ర పనికిరాదు. కలిపిన దాంట్లో ఇనుప కత్తి ముంచి చూడాలి. దానికి రాగి రంగు పట్టిందంటే సున్నం చాలలేదు.

లేత చెట్లకు శాస్త్రవేత్తలు కార్బెండజిమ్, థయోఫనేట్ మిథైల్, టీ దోమకు ప్రొఫెనోఫాస్ సూచించారు. మిర్చి రైతుకు కొత్త పేర్లేమీ కావు. ముప్పై నలభై అడుగుల మానుకు మాత్రం ఏ పంపూ అందదు. అక్కడ చెట్టు మొదలు దగ్గర పాదు చేసి నీళ్లు పెట్టడం, చుట్టూ పోసిన సిమెంటు పగలగొట్టడం, ఆ ఏడాది మేకల కోసం కొమ్మలు నరక్కపోవడమే మందు. 2021లో ఎండినవాటిలో చాలా చెట్లు ఆ తర్వాతి ఎండాకాలంలో మళ్లీ చిగురించాయి. మాఘ ఫాల్గుణాల్లో యాప ఆకు రాల్చడం ఎటూ మామూలే. అప్పుడు బోసిగా కనబడిందని గొడ్డలి ఎత్తడం తొందరపాటు, ఉగాది దాటేదాకా ఆగాలి.

మందు కొట్టిన చెట్టు నుంచి మాత్రం ఆ ఏడు పండ్ల పుల్ల విరవొద్దు, ఉగాది పచ్చడికి పువ్వు తేవొద్దు.