90.4 మీద రెండు రేడియోలు

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ‘బోల్ హైదరాబాద్’ ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో ‘సంఘం రేడియో’ ఉంది. రెండూ కమ్యూనిటీ రేడియోలే, రెండూ 90.4 మెగాహెర్ట్జ్ మీదే పలుకుతాయి. వాటి మధ్య చాలా దూరం ఉంది. కమ్యూనిటీ రేడియోకు నిబంధనలు మామూలుగా ఇచ్చేది వంద వాట్ల ప్రసారశక్తే కాబట్టి ఒకదాని మాట రెండోదానికి అడ్డురాదు. నగరానికి తూర్పున, మౌలాలి గుట్ట దగ్గర ఉండే మాబోటివాళ్లకు ఈ రెండూ దూరమే. బోల్ కూడా నగరానికి ఆ చివర, గీత గీసి కొలిచినా ఇరవై కిలోమీటర్ల పైమాటే. నగరమంతటికీ వినిపించడం ఈ రేడియోల పని కాదు. కాబట్టి ఎంతమంది విన్నారన్న లెక్కతో వీటిని తూచకూడదు. వినేవాళ్లలో ఎందరు మైకు దాకా రాగలిగారన్నదే సరైన కొలత.

రెండింటికీ మూలం ఒక్కటే. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఆచరణలోకి వచ్చేసరికి ప్రభుత్వం ముందు విద్యాసంస్థలకే తలుపు తీసింది. స్వచ్ఛంద సంస్థలకు 2006 దాకా అవకాశం రాలేదు. అయినా ఈ రెండింట్లో ముందు గాలిలోకి వచ్చింది పల్లె గొంతే. సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం నాడు మొదలైంది. ప్రారంభించింది ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంత్. బోల్ 2011లో వచ్చింది.

ఈ వరుసలోనే రెండింటి స్వభావం ఉంది. సంఘం రేడియోను నడిపే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు లైసెన్సు కోసం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1990ల చివరి నుంచే రికార్డు చేసి, క్యాసెట్లను ఊళ్లలోని మహిళా సంఘాల సమావేశాల్లో వినిపించుకున్నారు. ట్రాన్స్‌మిటర్ వచ్చేనాటికి కార్యక్రమాలూ ఉన్నాయి, శ్రోతలూ ఉన్నారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ వంటి దళిత మహిళలు రికార్డింగు, ఎడిటింగు, ప్రసారం అన్నీ తామే నేర్చుకున్నారు. పొలం పనులు ముగిసి ఇల్లు చేరే వేళ చూసుకుని, రాత్రి ఏడు తర్వాత ప్రసారం పెట్టుకున్నారు. పచ్చజొన్న, కొర్ర, సజ్జ, దాచుకున్న విత్తనాలు, పండగ పాటలు అక్కడి ముచ్చట్లు.

బోల్ దారి వేరు. అక్కడ రేడియో చదువులో భాగం. కమ్యూనికేషన్ శాఖ విద్యార్థులు ఆలోచన రాసుకుని, పక్క బస్తీకో హాస్టల్‌కో రికార్డరు పట్టుకెళ్లి, తిరిగొచ్చి స్టూడియోలో కోసి కూర్చుతారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు ఒకే రోజున వినిపించగల వీలు పల్లె రేడియోకు లేదు. ఇది చిన్న సంగతేమీ కాదు. అయితే విద్యార్థి రెండేళ్లకు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు. అతడు సంపాదించిన పరిచయాలూ అతడితోనే పోతాయి. కొత్త బ్యాచి మళ్లీ మొదటి గడప నుంచి మొదలుపెట్టాలి. మాచ్నూర్‌లో ఈ బాధ లేదు. రికార్డరు పట్టుకున్నామె ఆ ఊరిదే, ఎదుట కూర్చున్నామె రేపు పొలం గట్టున కలిసేదే.

తేడా బాగా తెలిసేది ఎడిటింగు దగ్గర. కంప్యూటర్ తెర మీద మాట గుట్టలు గుట్టలుగా, మౌనం సన్నని గీతగా కనబడుతుంది. పని కొత్తగా నేర్చుకునేవాడి చెయ్యి ముందు ఆ గీత మీదికే పోతుంది. దగ్గు తీసేస్తాడు, ‘అదే... ఏందంటే...’ తీసేస్తాడు. పెద్దావిడ మరిచిపోయిన విత్తనం పేరు గుర్తు చేసుకుంటూ ఆగిన క్షణం కూడా అలాగే ఎగిరిపోతుంది. ఆ ఆగడంలో ఏం జరుగుతోందో తెలిసినామె దాన్ని ఉంచుతుంది. యంత్రం ఒకటే, కోత ఒకటే, కోసేవాళ్ల ఎరుక వేరు.

మౌలాలికి అందే ఆకాశవాణిని వీటి పక్కన నిలిపి చూస్తే ఈ రెండింటి లోపాలూ తెలుస్తాయి. హైదరాబాద్ కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, బాలయ్య అనే పాత్రలు మాట్లాడుకుంటుంటే కార్ఖానాల వాళ్లు తమ ఇంటి మనుషుల్లా విన్నారు. ఆ చనువు వెనక రాతప్రతి ఉంది, రిహార్సల్ ఉంది, నిమిషాల లెక్క ఉంది, ప్రసారాన్ని కనిపెట్టి ఉండే డ్యూటీ ఆఫీసరున్నాడు. ఆ క్రమశిక్షణ చిన్న రేడియోలకు తక్కువ. మన గొంతే కదా అని సాగదీస్తే సొంత ఊరివాళ్లే సెట్టు కట్టేస్తారు. కానీ చిన్నక్క ఎంత మనదైనా ఒకరు రాసిచ్చిన పాత్ర. కార్ఖానాలో పనిచేసే ఆడమనిషి తన మాట తానే రికార్డు చేసి, ఏది ఉంచాలో తానే తేల్చుకునే వీలు ఆ ఏర్పాటులో లేదు.

నా తూకంలో సంఘం రేడియోదే పైచేయి. మాట్లాడేదీ వినేదీ కోసేదీ ఒకే సమూహం కావడం దాని బలం. విత్తనం గురించి తప్పు చెబితే మర్నాడే నిలదీసేవాళ్లుంటారు. బోల్‌కు ఆ బలం అరువు తెచ్చుకుంటే రాదు. ప్రాంగణంలో ఏళ్ల తరబడి ఉండే మెస్సు పనివాళ్లనూ తోటమాలులనూ పక్క బస్తీల ఆడవాళ్లనూ అతిథులుగా పిలవడం మాని, నిర్మాతలుగా కూర్చోబెడితే వస్తుంది. విద్యార్థులు మారినా వాళ్లు మారరు.

ఉస్మానియా ప్రాంగణం, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ), తార్నాక, లాలాగూడ, మౌలాలి వరుసగా ఉన్న మన తూర్పు వైపుకూ ఇదే పాఠం. వంద వాట్ల రేడియోను గచ్చిబౌలి నుంచి అరువు తెచ్చుకోలేం. ఇక్కడి మాట ఇక్కడే పుట్టాలి. రైల్వే క్వార్టర్లలో, కార్ఖానాల గేట్ల దగ్గర, మౌలాలి దర్గా మెట్ల మీద ఉండేవాళ్లకు రికార్డరు పట్టడం, మాట కోయడం ముందు నేర్పాలి. మాచ్నూర్ మహిళలు క్యాసెట్లతో చేసిన పని అదే. లైసెన్సు దరఖాస్తు ఆ తర్వాత పెట్టుకోవచ్చు.