గుప్పెడు బియ్యం, ఐదో మాట

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా లెక్కపెడితే 46 రోజులు. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలూ పునరుత్థానాన్ని తలుచుకునే దినాలు కాబట్టి అవి ఉపవాసంలోకి రావు. అవి పోతే మిగిలేవి 40. ఈ రోజుల్ని కతోలికులు తపస్సు కాలం అంటారు. సీఎస్ఐ, లూథరన్ సంఘాలవాళ్లు శ్రమకాలం అనో లెంటు దినాలనో అంటారు. అసలు పాటించని సంఘాలూ మనలో ఉన్నాయి.

పాటించే ఇళ్లలో ఈ రోజుల్లో పెళ్లి ముహూర్తాలు ఉండవు. కొందరు మాంసం మానేస్తారు, కొందరు కాఫీ మానేస్తారు, కొందరు ఆడవాళ్లు పూలు పెట్టుకోరు. "ఈసారి ఏం మానేశావమ్మా?" అని ఒకరినొకరు అడుగుతారు. మానేయగా మిగిలింది ఎక్కడికి పోయిందని మాత్రం ఎవరూ అడగరు. ఆది సంఘం అడిగిన ప్రశ్న అదే. రెండో శతాబ్దంలో రోములో పుట్టిన 'హెర్మాసు కాపరి' అనే గ్రంథం ఉపవాసానికి కచ్చితమైన పద్దు చెబుతుంది. ఆ రోజు నువ్వు తినాల్సిన తిండి ఖరీదెంతో లెక్కగట్టి, ఆ సొమ్మును విధవరాలికో అనాథకో ఇచ్చేయాలి. అదే శతాబ్దంలో ఏథెన్సువాడైన అరిస్టైడిస్, పంచడానికి మిగులు లేని క్రైస్తవులు రెండు మూడు రోజులు పస్తుండి పేదవాడికి తిండి సమకూరుస్తారని రాశాడు. అంటే ఉపవాసమే నిధి. మిగల్చకుండా మానేయడం పథ్యం అవుతుంది, అంతే.

మన పల్లె సంఘాల్లో ఈ లెక్క గుప్పెడు బియ్యంగా కనిపిస్తుంది. ఎసట్లో పోసే బియ్యంలోంచి ఇల్లాలు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ మూట గుడికి వస్తుంది. మిజోరంలో ఇదే పద్ధతిని 1910లో స్త్రీలు మొదలుపెట్టారు, ఆ గుప్పెళ్లే అక్కడి సంఘాలకు పెద్ద ఆదాయమయ్యాయి. ఇందులో నాకు నచ్చేదొకటుంది. కానుక సంచిలో వేసే నోటు సాధారణంగా ఇంటి యజమాని జేబులోంచి వస్తుంది. గుప్పెడు బియ్యం మాత్రం వండేవాళ్ల చేతిలోంచి, ఎవరి అనుమతీ అడగకుండా వస్తుంది. ఇంట్లో నాలుగు గింజలు తక్కువైనా ఎవరికీ తెలియదు, ఆమెకు తప్ప.

బియ్యం పోగైతే సరిపోదు, ఎవరికి చేర్చాలో తెలియాలి. ఆ పని కాటేజ్ ప్రార్థనలు చేస్తాయి. పట్టణాల సీఎస్ఐ సంఘాల్లో శ్రమకాలమంతా సాయంత్రాలు పేటలవారీగా ఒక్కో ఇంట్లో కూడుకుంటారు. చాపలు పరుస్తారు, పక్కింటి కుర్చీలు తెస్తారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటకు పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి వంటి పందొమ్మిదో శతాబ్దపు కవులు కర్ణాటక రాగాల్లో కట్టిన శ్రమల కీర్తనలు పెద్దవాళ్లకు పుస్తకం లేకుండానే వస్తాయి. పిల్లలు వాళ్ల నోట విని నేర్చుకోవాలి, వేరే బడి లేదు. పాట, వాక్యం, చిన్న ప్రసంగం అయ్యాక ప్రార్థన మనవులు చెప్పమంటారు. అసలు సంగతులు అప్పుడు బయటపడతాయి. మామ్మగారికి చూపు మందగించింది. అబ్బాయి కాలేజీ మానేశాడు. పింఛను ఆగి మూడు నెలలైంది. ఆదివారం గుళ్లో తెల్లచీర కట్టుకుని నవ్వుతూ కూర్చునే మనిషి ఇంట్లో గ్యాసు అయిపోయిందని ఆ ఇంటి గడప దాటితేనే తెలుస్తుంది.

వచ్చినవాళ్లకు టీ, బిస్కెట్లకు మించి పెట్టకూడదని కట్టుబాటు పెట్టుకున్న సంఘాలు తెలివైనవి. అది లేనిచోట ఒకరింట్లో ఉప్మా, మరొకరింట్లో బిర్యానీ అయ్యి, చివరికి పేదవాళ్లు "మా ఇంటికి వద్దులెండి అయ్యగారూ" అంటారు. ఎవరి ఇంటికి వెళ్లాలో ఆ ఇల్లే జాబితాలోంచి జారిపోతుంది.

కతోలిక విచారణల్లో ఈ పని మరో తీరులో సాగుతుంది. శుక్రవారాల్లో సిలువ మార్గం ఉంటుంది, 14 స్థలాల దగ్గర ఆగి మోకరించి ముందుకు సాగుతారు. ఇళ్లు తిరిగే బాధ్యత విన్సెంట్ డి పాల్ సొసైటీ వంటి బృందాలది. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఒజనాం, అతని స్నేహితులు మొదలుపెట్టిన ఆ సొసైటీలో సభ్యులు పేదల ఇంటికి స్వయంగా, మామూలుగా ఇద్దరిద్దరుగా వెళ్లాలి. డబ్బు పంపించి చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

సాయానికీ మతానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న మన నేలమీద కొత్తది కాదు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చరిత్ర పుస్తకాలు ఈ అంకెను గొప్పగా చెబుతాయి. నాకైతే బాప్తిస్మాలు ఆపిన ఆ నెలలే గొప్పగా తోస్తాయి. ఇవాళ ప్రభుత్వాసుపత్రి వార్డులో రొట్టె, అరటిపళ్లు పంచుతూ రోగి మంచం పక్కన ఫ్లెక్సీ పట్టుకుని ఫొటో దిగేవాళ్లకు ఆ సంగతి ఒకసారి చెప్పాలి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న బోధ భస్మ బుధవారం నాడే చాలా గుళ్లలో చదువుతారు మరి.

అన్నిటికన్నా కష్టమైన ఆరాధన గుడ్ ఫ్రైడే నాటిది. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు. ఈ మూడు గంటల ధ్యానం 17వ శతాబ్దం చివర పెరూ దేశంలోని లీమాలో ఒక జెస్యూట్ గురువు మొదలుపెట్టింది. అక్కడినుంచి ఐరోపా మీదుగా ప్రొటెస్టెంట్ల దాకా వచ్చింది. మన సంఘాల్లో ఏడు మాటల్నీ ఏడుగురికి పంచుతారు. టీచరు, బ్యాంకు ఉద్యోగి, నర్సు, డిగ్రీ చదివే కుర్రాడు, ఏడాదంతా వినేవాళ్లే ఆరోజు ప్రసంగ పీఠం ఎక్కుతారు. ఒక్కొక్కరికి 15, 20 నిమిషాలు, మధ్యలో కీర్తన, ప్రార్థన. తల్లిని శిష్యుడికి అప్పగించే మూడో మాట తరచు స్త్రీలకు ఇస్తారు. చెయ్యి విడిచావెందుకని దేవుణ్నే అడిగే నాలుగో మాట ఎవరికిచ్చినా చెమటలు పడతాయి. ఏడింటిలో బాగా చిన్నవాటిలో ఒకటి ఐదోది, దప్పికను గురించింది. ఇదే సులువనుకుని కుర్రాళ్లు అడిగి తీసుకుంటారు. ఏప్రిల్ ఎండలో, ఫ్యాన్లు వేడిగాలిని తిప్పుతుండగా, పొద్దుటినుంచి మంచినీళ్లు ముట్టని జనం ముందు దాహం గురించి మాట్లాడటం సులువేమీ కాదు. అక్కడ అలంకారాలు పనిచెయ్యవు, వింటున్నవాళ్ల నాలుక పిడచకట్టుకుపోయి ఉంది.

ఆ కుర్రాళ్లే బస్టాండు దగ్గర చలివేంద్రం పెడతారు. కొత్త కుండలు, తడిపిన ఇసుక, మూతమీద గ్లాసు, కొన్నిచోట్ల మజ్జిగ. ఈస్టర్ ముందు సమాధుల తోటలో గడ్డి చెక్కి సున్నం వేసేదీ వాళ్లే. ఎవరూ రాని సమాధులకు కూడా వేయాలని పెద్దలు గుర్తు చేస్తుంటారు.

ఈ ఏర్పాటులో ఒక ఇబ్బంది ఉంది. ఈస్టర్ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. రోహిణి కార్తె మాత్రం మే ఆఖర్లోనే వస్తుంది. పండుగ అయిపోగానే కుండలు ఎత్తేస్తే, బస్టాండులో నీళ్లకు అసలైన కరువు వచ్చేసరికి ఖాళీ పందిరి మిగులుతుంది. అందుకే కొన్ని సంఘాల్లో గుప్పెడు బియ్యం అమ్మిన డబ్బులో కొంత పక్కన పెట్టి, తొలకరి పడేదాకా కుండలు నింపే మనిషికి కూలి ఇస్తారు. మిగతా సంఘాలు కమిటీ సమావేశంలో ఈ ఒక్క పద్దునూ చేర్చుకుంటే బాగుండు. దానికి వేరే తీర్మానం కూడా అక్కర్లేదు.