తలుపులున్నవి పొద్దున, లేనివి సాయంత్రం

చెంగిచెర్లలో ఇల్లు కట్టుకున్నవాళ్ళకి ఒక చదువు ఫీజు లేకుండా వస్తుంది. కిలోమీటర్లకీ గంటలకీ పొంతన ఉండదన్నదే ఆ చదువు. ఉప్పల్లో మెట్రో ఎక్కాక రాయదుర్గం ఎప్పుడు చేరతామో వాచీ చూసి చెప్పొచ్చు. మా క్రాస్‌రోడ్డు నుంచి ఉప్పల్ రింగురోడ్డుకి ఎప్పుడు చేరతామో మాత్రం బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. వరంగల్ హైవే మీద ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు హైస్కూలుకొచ్చేశారు. స్తంభాల మధ్య దారి వెతుక్కోవడం మాకు ఏళ్ళ తరబడి ఒంటబట్టింది.

ఈ చదువు లండన్‌లో పనికొస్తుందంటే మా కింది ఫ్లాటు అన్న మొదట నవ్వాడు.

మా కాలనీలో ఇంటికొక పిల్లో పిల్లాడో బయటి దేశంలో ఉన్నారు. వాళ్ళు వెళ్ళిన రెండేళ్ళకి తల్లిదండ్రుల పాస్‌పోర్టులు బీరువాలోంచి బయటికొస్తాయి. మొదటిసారి పెద్ద ఊరు చూడబోయేవాళ్ళకి ప్లాన్ వేసిపెట్టడం నాకో వ్యసనం. "తమ్మీ, నువ్వు గీ ప్లాన్లు మంచిగ ఏస్తవంట గద" అంటూ అన్న, వెనకే వదిన ఒక సాయంత్రం పైకొచ్చారు. కూతురు లండన్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేసింది, జులైలో కాన్వొకేషన్. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం, పది రోజులు. అన్న ఫోన్‌లో ఏజెంటు పంపిన పీడీఎఫ్ ఉంది. రెండో రోజు పొద్దున టవర్ ఆఫ్ లండన్, టవర్ బ్రిడ్జి. మధ్యాహ్నం బ్రిటిష్ మ్యూజియం, మేడమ్ టుస్సాడ్స్. సాయంత్రం బకింగ్‌హామ్ ప్యాలెస్, లండన్ ఐ. అన్నం ఎప్పుడు తింటారో మాత్రం ఎక్కడా రాసి లేదు.

ఇలాంటి కాగితం చూడగానే నా పెన్ను కొట్టివేతలకి సిద్ధమవుతుంది. మంచి ప్లాన్‌లో నాకు కావలసినవి చూడాల్సిన చోట్ల పేర్లు కావు, పూటలు. ఒక రోజుకి రెండే పూటలు, పూటకి ఒకే పేరు. అంతకుమించి రాస్తే అది హైదరాబాద్‌లో కూర్చుని చదువుకోవడానికే బాగుంటుంది.

వీసా సంగతి త్వరగా చెప్పేస్తాను. బ్రిటన్ విజిటర్ వీసాకి ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. అది చేతికొచ్చేదాకా డబ్బు వాపసు రాని టికెట్టు కొనొద్దు. మన దగ్గర ఒక అలవాటుంది, అప్లికేషన్ వారం ఉందనగా బావమరిది దగ్గర నాలుగు లక్షలు తెచ్చి ఖాతాలో పడేయడం. ఎక్కడిదని అడిగితే చెప్పలేని డబ్బు ఉండటం కంటే లేకపోవడమే నయం. అన్నకి నాచారంలో ఉద్యోగం, నెలనెలా పడే జీతం, సెలవు లెటరు, కూతురి ఆహ్వానం. ఉన్నది ఉన్నట్టు పెట్టమన్నాను.

జులై కావడం వాళ్ళ అదృష్టం. ఆ నెల లండన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కొట్టకముందే పొద్దుగూకుతుంది. పైగా డిసెంబర్ 25న అక్కడ మెట్రో గానీ సిటీ బస్సు గానీ తిరగవు, ఆ సంగతి తెలియక సరిగ్గా ఆ తేదీ మీదే ప్లాన్ వేసుకునేవాళ్ళున్నారు. అయితే ఎండ ఉంది కదా అని మ్యూజియాలు తెరిచి ఉంచరు. బ్రిటిష్ మ్యూజియం ఐదింటికి మూసేస్తారు, శుక్రవారం ఒక్కరోజు ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. అందుకే నాదొక సూత్రం: తలుపులున్నవి పొద్దున, తలుపులు లేనివి సాయంత్రం. వంతెనలు, పార్కులు, థేమ్స్ ఒడ్డు ఎక్కడికీ పోవు.

తర్వాత బస. కూతురు ఈస్ట్ హామ్‌లో నలుగురు పిల్లలతో కలిసి ఉంటోంది. అక్కడ హై స్ట్రీట్ మీద ఇడ్లీ దోసెలకి కొదవలేదు గానీ ఆ ఇంట్లో అమ్మానాన్నల్ని పది రోజులు పెట్టుకునే వీల్లేదు. అన్న మనసు బకింగ్‌హామ్ ప్యాలెస్ పక్కన గది మీదుంది, ఊరి మధ్యన ఉంటే అన్నీ దగ్గరని. నేను స్ట్రాట్‌ఫర్డ్ అన్నాను. అది ఊరికి తూర్పున ఉంది, మనం హైదరాబాద్‌కి ఉన్నట్టే. పిల్ల ఇంటికి బస్సు, ఊళ్ళోకి ఎలిజబెత్ లైన్, హీత్రో ఎయిర్‌పోర్టు నుంచి కూడా అదే లైన్. స్టేషన్‌లో దిగి ఐదు నిమిషాలు నడిస్తే గది రావాలి, ఈ షరతు మీద మాత్రం నా దగ్గర బేరం లేదు. చౌకగా వస్తోందని స్టేషన్‌కి మూడు కిలోమీటర్ల దూరంలో గది తీసుకుంటే ఏమవుతుందో చెంగిచెర్లవాళ్ళకి వేరే చెప్పాలా? "రాత్రి పదింటికి రింగురోడ్డు మీద ఆటో కోసం నిలవడ్డట్టయితది" అని వదినే అంది.

ఇక పటం. లండన్ మెట్రో పటాన్ని హ్యారీ బెక్ అనే ఎలక్ట్రికల్ డ్రాఫ్ట్స్‌మన్ 1931లో గీశాడు, 1933లో అచ్చయింది. కరెంటు సర్క్యూట్ లాగా అన్నీ తిన్నని గీతలు, మధ్యమధ్య చుక్కలు. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ మారాలో చెప్పడంలో దానికి సాటి లేదు. దూరం దగ్గర మాత్రం అది పచ్చి అబద్ధం చెబుతుంది. లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ అందులో రెండు వేర్వేరు స్టేషన్లు. నేల మీద వాటి మధ్య 260 మీటర్లు. కొత్తవాళ్ళు లోపలికి దిగి, రైలు కోసం ఆగి, డబ్బు కట్టి ఆ 260 మీటర్లూ వెళ్తుంటారు. కోవెంట్ గార్డెన్‌లో లిఫ్టు దగ్గర జనం ఎక్కువున్నారని మెట్ల వైపు తిరిగారో, 193 మెట్లు.

మా కాలనీలో ఉప్పల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఎవరు ఏ పటం తెచ్చినా ముందు కింద మూల చూస్తారు, స్కేలు ఉందా లేదా అని. బెక్ పటానికి స్కేలు లేదని ఆయన దాన్ని పటమనే ఒప్పుకోరు. నేను రెండూ పక్కపక్కన పెడతాను. దారికి బెక్‌ది, కాళ్ళకి స్కేలున్నది. వదినకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి మూడోది కూడా కావలసొచ్చింది, మెట్లు లేకుండా వెళ్ళగలిగే స్టేషన్లు గుర్తుపెట్టిన పటం. లండన్ భూగర్భ రైలు 1863 నాటిది, దాని స్టేషన్లలో ఆ వసతి ఉన్నవి దాదాపు మూడో వంతే. ఎలిజబెత్ లైన్ మొదలైంది 2022లో, దాని స్టేషన్లన్నిటిలో ఉంది. స్ట్రాట్‌ఫర్డ్ ఎంపికకి అసలు కారణం అదే.

ఇంత చెప్పినా అన్న "పది రోజులల్ల లండనంత సూడలేమా తమ్మీ?" అనే అన్నాడు. అప్పుడు రిహార్సల్ పెట్టాను. ఒక ఆదివారం ఇద్దరూ హైదరాబాద్‌కి కొత్తగా వచ్చినవాళ్ళలా వెళ్ళాలి. సొంత బండి లేదు, క్యాబ్ లేదు. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, గోల్కొండ చూసి రావాలి. జేబులో చీటీ పెట్టుకుని ఎక్కడెక్కడ ఏ టైమైందో రాయాలి. రైలు మారడం అలవాటవుతుందని ఉప్పల్‌లో నీలం లైన్ ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో ఆకుపచ్చ లైన్‌కి మారి ఎంజీబీఎస్‌లో దిగమన్నాను.

ఆ చీటీ నా దగ్గరే ఉంది. 8:20 గేటు. 9:05 ఉప్పల్ స్టేషన్. 10:00 ఎంజీబీఎస్. 10:25 మ్యూజియం లోపల. 11:40 గడియారం ముందు కుర్చీలు. 12:00 గంటలు కొట్టే బొమ్మ బయటికొచ్చింది. 12:35 పక్కన వంకర అక్షరాలతో 'ఆమె కూసున్నది.' 1:45 బిర్యానీ. 3:10 లాడ్ బజార్ గాజులు. దాని కింద మళ్ళీ 5:20 లాడ్ బజార్ గాజులు. 7:50 ఇల్లు. అట్టడుగున గోల్కొండ, మీద అడ్డంగా ఒక గీత. చార్మినార్‌ని కింద నుంచి చూశారట, పైకెక్కే ఓపిక లేక.

మ్యూజియం ఎంత చూశారని అడిగితే పైఅంతస్తుకి పోనేలేదన్నారు. గడియారం కోసం ఆగిన ఆ ఇరవై నిమిషాల గురించి మాత్రం ఇద్దరూ పోటీపడి చెప్పారు. ఇంటికీ స్టేషన్‌కీ మధ్య నలభై అయిదు నిమిషాలు, ఒక మ్యూజియం సగం, ఒక బజారు పూర్తిగా. వీళ్ళిద్దరి రోజు కొలత ఇది. లండన్ వెళ్ళినంత మాత్రాన మోకాళ్ళు మారవు. అన్న ఆ రాత్రే ఏజెంటు పీడీఎఫ్ తీసేశాడు.

తర్వాత పని సులువైంది. మేడమ్ టుస్సాడ్స్‌ని వదినే కొట్టేసింది. రామ్‌చరణ్ మైనపు బొమ్మని 2025 మేలో ఆవిష్కరించింది లండన్‌లోనే గానీ దాని కాపురం సింగపూర్‌లో. మహేశ్‌బాబూ అక్కడే. ప్రభాస్ బ్యాంకాక్‌లో, అల్లు అర్జున్ దుబాయ్‌లో. "మనోళ్ళెవ్వరు లేనికాడ గన్ని పైసలెందుకు?" అంది.

బ్రిటిష్ మ్యూజియానికి టికెట్టు లేదు. అయినా మొత్తం చూద్దామని లోపలికి వెళ్ళేవాడికి అదొక శిక్ష. నేను మూడే రాశాను: రొసెట్టా శిల, ఈజిప్టు మమ్మీలు, 33ఏ గది. ఆ గదిలో ఉన్నది మన అమరావతి. కృష్ణ ఒడ్డున మహాస్తూపం చుట్టూ నిలబెట్టిన పల్నాటి సున్నపురాయి పలకలు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి చేర్చాడు. అక్కడ కొన్నేళ్ళు పడి ఉన్నాక 1859లో ఓడెక్కాయి, 1880లో ఈ మ్యూజియానికొచ్చాయి. అమరావతి వెళ్తే కనిపించేది మట్టి దిబ్బ, కొన్ని రాళ్ళు. మిగతావి చూడాలంటే చెన్నై ఎగ్మోర్ అయినా పోవాలి, లండన్ అయినా పోవాలి. గదులన్నీ రోజూ తెరుస్తారన్న భరోసా లేదు కాబట్టి బయల్దేరే ముందు ఆ గది సంగతి చూసుకోమని ఎర్ర సిరాతో రాశాను. ఏ ఊరి ప్లాన్‌లోనైనా ఇలాంటిది ఒకటుండాలంటాను, మనకి తప్ప పక్కవాళ్ళ జాబితాలో ఉండనిది.

కోహినూర్‌ని అన్న వదలడని తెలుసు. కొల్లూరు గని వజ్రమని మనం చెప్పుకునే ఆ 105 క్యారెట్ల రాయి టవర్‌లో ఉంది. కిరీటాల ముందు కదిలే బెల్టు మీద నిలబడితే అదే ముందుకి లాక్కుపోతుంది, గడియారం ముందు కూర్చున్నట్టు కూర్చోవడం కుదరదు. టవర్ పొద్దున్నే, సాయంత్రం అక్కణ్ణుంచే పడవ మీద గ్రీనిచ్. సర్వే పెద్దాయన కోరిక అది: సున్నా డిగ్రీల గీత మీద ఇద్దరూ చెరో కాలు వేసి ఫోటో దిగాలి. 1884లో ప్రపంచం ఒప్పుకున్న ఆ గీత నుంచే మన చెంగిచెర్ల 78న్నర డిగ్రీల చిల్లర తూర్పున ఉందని ఆయన లిఫ్టు దగ్గర ఆపి మరీ చెప్పారు.

గొడవల్లా బాలాజీ గుడి దగ్గరొచ్చింది. అది బర్మింగ్‌హామ్ పక్కన టివిడేల్‌లో ఉంది, పోయి రావడానికి ఒక రోజు మొత్తం పోతుంది. అన్న వద్దంటాడు. "తిరుపతి ఉండగ గంత దూరం పోవుడెందుకే?" వదినకి అది కూతురి మొక్కు. నేను మొక్కు వైపు ఓటేసి, సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియాల రోజుని కొట్టేశాను.

చిల్లర విషయాలు కొన్ని. బస్సులో కండక్టరుండడు, నోట్లు తీసుకోరు. కార్డు తాకించాలి, ఎవరి కార్డు వాళ్ళదే, రైల్లో అయితే ఎక్కినప్పుడు తాకించిన కార్డే దిగినప్పుడూ తాకించాలి. బస్సు ఎక్కిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకటే చార్జీ. ఆదివారం పెద్ద షాపులు ఆరు గంటలే తెరుస్తారు కాబట్టి వదిన బజారు రోజుని శనివారానికి జరిపాం.

ప్లాన్ వేసినందుకు నాకూ కూలీ కావాలి కదా. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సి.పి. బ్రౌన్ సమాధి ఉంది, ఒక పూవు పెట్టి రమ్మన్నాను. కడపలో తాళపత్రాలు పోగేసిన దొర, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చేసి, 1884లో లండన్‌లోనే పోయాడు.

"గాయినెవరు?" అన్నాడు అన్న.

"వేమన పద్యాలు అచ్చేపిచ్చినాయన గద" అంది వదిన.

నేను ఆ పేరు ఒక సాయంత్రం గడిలో రాయబోతుంటే అన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "శ్మశానానికి గేటుంటది తమ్మీ. పొద్దటికెల్లి రాయి."