రెండు గొలుసులు

కృష్ణా డెల్టాలో భూమి శిస్తు లెక్క రెండు గొలుసుల మీద నడిచింది. ఒకటి పొలాన్ని కొలిచిన ఇనప గొలుసు. రెండోది కరణం కలంలోంచి జారిన గొలుసుకట్టు రాత. శిస్తు అనగానే మనకు ముందు గుర్తొచ్చేవి వసూలు, జప్తు, వాకిట్లో తలారి కేక. ఆ కష్టం నిజమే. కాని ఆ వసూలు వెనకున్న లెక్కను విడిగా తీసి చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. బందరు కాలవ కింది చేను దగ్గర మొదలై తాలూకా కచేరీ దస్త్రం దాకా ముడి జారకుండా అల్లిన పని అది.

ముందు ఇనప గొలుసు సంగతి. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు దీన్ని తయారుచేశాడు. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. 66 అడుగులేమిటి, వింత కొలత అనిపిస్తుంది. కిటుకంతా అక్కడే ఉంది. పొడవూ వెడల్పూ ఒక్కో గొలుసు ఉన్న చదరం ఎకరంలో సరిగ్గా పదో వంతు. లింకుల్లో చెప్పాలంటే ఎకరానికి లక్ష చదరపు లింకులు, సెంటుకు వెయ్యి. లింకులు గుణించి, కుడివైపు ఐదంకెలు వదిలి చుక్క పెడితే ఎకరాలూ సెంట్లూ తేలిపోతాయి. భాగహారంతో పనే లేదు. డెల్టా ఊళ్లలో ఇవాళ్టికీ ఇళ్ల స్థలాన్ని మూడు సెంట్లు, ఐదు సెంట్లు అని చెప్పుకునే అలవాటు ఈ గొలుసు పెట్టిన భిక్షే.

అయితే చేలన్నీ చదరంగా ఎక్కడుంటాయి? ఒక పక్క మురుగు కాలవ కోస్తుంది, ఇంకో పక్క డొంక వంకర తిరుగుతుంది. అందుకే ప్రతి సర్వే నంబరుకూ ఒక పటం గీశారు. సర్వేయర్లు ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) అనేది దాన్నే. చేను ఈ మూల నుంచి ఆ మూలకు ఒక పొడుగాటి గీత, దాని పేరు జి-లైను. గట్టు మలుపు తిరిగిన ప్రతిచోటి నుంచీ ఆ గీత మీదికి లంబంగా ఒక కొలత. ఒక నాలుగు మూలల చేను అనుకుందాం. జి-లైను 500 లింకులు, ఎడమ మూల దూరం 240, కుడి మూల దూరం 180. ఆ రెండూ కలిపితే 420. దాన్ని 500తో గుణించి సగం చేస్తే 1,05,000. ఎకరం ఐదు సెంట్లు. పటం మీద ఉన్నవి నాలుగైదు అంకెలే, కాని వాటితో ఆ చేనును మళ్లీ ఎప్పుడైనా నేల మీద గీయొచ్చు. ఇంత తక్కువ సిరాతో ఇంత నేలను పట్టి ఉంచిన కాగితం నేను మరొకటి ఎరగను.

గొలుసుకూ ఒక జబ్బుంది. ఏళ్ల తరబడి ఈడ్వగా కడియాలు సాగి పొడుగవుతుంది. పొడుగైన గొలుసుతో కొలిస్తే చేను తగ్గి కనిపిస్తుంది. అందుకని నిఖార్సైన కొలతతో గొలుసునే ముందు సరిచూసుకుని అప్పుడు పొలంలో దిగాలి.

ఇక డబ్బు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక మెట్ట మాగాణి అయింది, శిస్తూ మారింది. మట్టి తరాన్ని బట్టి ఎకరానికి ఇంత అని కట్టారు. మన చేనుకు ఎకరానికి ఏడున్నర రూపాయలనుకోండి, ఉదాహరణకే. ఎకరం ఐదు సెంట్లకు 7 రూపాయల 14 అణాలు. ఈ అణాలను మన పాత లెక్కల పద్ధతిలో రాసే తీరు చూడాలి. పావు వంతుకు ఒక నిలువు గీత, వీసానికి, అంటే పదహారో వంతుకు, ఒక అడ్డగీత. రూపాయికి పదహారణాలు కాబట్టి అణాకు ఒక అడ్డగీత, పావలాకు ఒక నిలువు గీత. పద్నాలుగణాలంటే మూడు నిలువు, రెండు అడ్డం. వీసంలో నాలుగో వంతు కానీ, దానికి మళ్లీ నిలువు గీత. నిలువూ అడ్డమూ వంతులవారీగా మారుతుంటే ఏ గీత ఏ స్థానానిదో కన్నే చెబుతుంది. వీసమెత్తు తేడా లేదని మనం అలవోకగా అనే మాట ఒకప్పుడు ఒక గీతంత కచ్చితం.

ఈ అంకెలు అడంగల్ అనే ఊరి దస్త్రంలో చేరేవి. ఏ నంబరులో ఏ పైరు, తొలి పంట సార్వాయేనా, రెండో పంట దాళ్వా కూడా వేశారా, కాలవ నీరు పారిందా అని కరణం చేలగట్ల మీద తిరిగి చూసి రాయాలి. దాన్ని అజమాయిషీ అనేవారు. జులై ఒకటిన ఫసలీ, అంటే శిస్తు సంవత్సరం, మొదలు. ఏడాదికోసారి జమాబందీ అనే లెక్కల తనిఖీలో పై అధికారి ముందు దస్త్రం విప్పాలి. ఒక నంబరు రెండు ముక్కలైతే ఆ ముక్కల విస్తీర్ణాలు కలిపి మొదటి అంకె తిరిగి రావాలి, అన్ని నంబర్లూ కలిపితే ఊరి మొత్తం రావాలి. పైగా రాసేది కరణం, వసూలు చేసేది మునసబు. లెక్క ఒక చేతిలో, డబ్బు ఇంకో చేతిలో.

రెండో గొలుసు దగ్గరే నాకు మనసు కలుక్కుమంటుంది. కలం ఎత్తకుండా, అక్షరాన్ని అక్షరానికి తగిలిస్తూ సాగే ఆ రాత చూడటానికి కాలవలో నీటి పారుదలలా ఉంటుంది. వందల పేర్లు, నంబర్లు గంటల్లో దింపగల వేగం దానిది. చదవాలంటే మాత్రం కరణమే రావాలి. కరణీకం చాలాచోట్ల తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది, ఆ రాతను విప్పే విద్యా అలాగే వచ్చేది. తన చేను గురించి ఏం రాశారో రైతు తనంతట తాను చదువుకోలేకపోయాడు. ఇనప గొలుసును గట్టున నిలబడ్డ ఎవరైనా లెక్కపెట్టగలరు. ఇంత మంచి లెక్కను అంత మూసిన రాతలో పెట్టడం తప్పేనని నా అభిప్రాయం.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను రద్దుచేసింది. 2015లో మీభూమి అనే వెబ్‌సైటు వచ్చాక అడంగల్ అచ్చక్షరాల్లో ఎవరికైనా కనిపిస్తోంది. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో డ్రోన్లతో రీసర్వే మొదలైంది.

పాత కొలతలున్న ఊళ్లో గట్టు తగాదా వస్తే మాత్రం రైతు ఇప్పటికీ ఎఫ్‌ఎంబీ నకలు పట్టుకునే వస్తాడు. గట్టు మొదట్లో గడ్డి చెక్కి, గునపంతో పొడిచి చూస్తారు. ఠంగుమంటే సర్వే రాయి దొరికినట్టే. బురద తుడిచి, దాని మీంచి టేపు చాచి, మీటర్లలో వచ్చిన అంకెను సర్వేయరు లింకుల్లోకి మార్చి పటంలోని అంకె పక్కన పెట్టుకుంటాడు. ఇద్దరు రైతులూ చెరోవైపు నుంచి ఆ కాగితంలోకి తొంగి చూస్తారు.