పుర్రెలో ఒత్తిడి, చెవిలో రక్తం

లోపలి చెవికి రక్తం దాదాపు ఒకే దారిలో వస్తుంది. చిన్నమెదడుకు రక్తం అందించే ఒక ధమని నుంచి సాధారణంగా చీలే లాబిరింతైన్ ధమని, వినికిడి నరంతో కలిసి సన్నని ఎముక కాలువ గుండా లోపలికి చేరుతుంది. అది మూసుకుపోతే ఆదుకునే పక్కదారి లేదు. ఈ కాలువలో ఉండేది మెదడు చుట్టూ ఉండే మస్తిష్క మేరుద్రవమే. కాబట్టి ఎంత గట్టి ఎముకలో దాగినా, లోపలి చెవికి పుర్రెలోని ఒత్తిడి నుంచి పూర్తి రక్షణ లేదు. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే భాగమైన కర్ణావర్తాన్ని ఆ ద్రవంతో కలిపే మరో సన్నని నాళం కూడా ఉంది. పెద్దవారిలో అది తరచూ బాగా ఇరుకుగా ఉంటుంది, కొందరిలో మూసుకుపోతుంది.

రక్తాన్ని ముందుకు నెట్టేది ధమనిలోని ఒత్తిడి ఒక్కటే కాదు. దానికీ, నాళాల చుట్టూ ఉన్న ఒత్తిడికీ మధ్య తేడాయే అసలు బలం. ధమనుల సగటు పీడనం 90 మిల్లీమీటర్ల పాదరసం, పుర్రెలో ఒత్తిడి 10 అనుకుంటే, మిగిలేది 80. లోపలి ఒత్తిడి 40కి పెరిగితే మిగిలేది 50 మాత్రమే. అయినా ప్రవాహం అదే లెక్కన పడిపోదు. సూక్ష్మనాళాలు వ్యాకోచించి కొంతమేర సర్దుకుంటాయి. గినీ పందులపై చేసిన ప్రయోగాల్లో ఈ సర్దుబాటూ, ఒక హద్దు దాటాక అది చాలకపోవడమూ కనిపించాయి. పుర్రెలో ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగితే శరీరం రక్తపోటును కూడా పెంచుతుంది. హార్వే కుషింగ్ 20వ శతాబ్దం మొదట్లో వివరించిన ఈ స్పందన మెదడు కోసమే అయినా, అదే రక్తం పంచుకునే చెవికీ కొంత ఊతం.

సర్దుబాటు చాలని ఆ హద్దుకు అంత ప్రాధాన్యం ఎందుకంటే, కర్ణావర్తంలోని స్ట్రయా వాస్క్యులారిస్ అనే పొర అంతరలసిక అనే లోపలి ద్రవంలో సుమారు 80 మిల్లీవోల్టుల ధన విద్యుత్ శక్మాన్ని నిరంతరం నిలబెట్టాలి. కేశకణాలు శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చేది దాని బలంతోనే. రక్తం ఆగితే ఆ శక్మం నిమిషంలోపే పడిపోవడం మొదలవుతుంది.

స్పష్టమైన కారణం లేకుండా పుర్రెలో ఒత్తిడి పెరిగే జబ్బు ఎక్కువగా అధిక బరువున్న యువతుల్లో కనిపిస్తుంది. వారిలో చాలామందికి నాడి కొట్టుకునే లయలో చెవిలో హోరు వినిపిస్తుంది. దీన్ని రక్తం చాలక వచ్చే లక్షణంగా భావించడం పొరపాటు. ఇరుకైన సిరా మార్గంలో రక్తం సుడులు తిరగడమే దానికి ముఖ్య కారణంగా భావిస్తారు. మెడలో అదే వైపు సిరను మెల్లగా నొక్కితే తరచూ ఆ హోరు తగ్గుతుంది. ఇలాంటి హోరుకు చెవి పరీక్షతో ఆగకుండా కంటి అడుగుభాగాన్నీ చూడాలి. అక్కడి నరం ఉబ్బితే చూపు పోయే ప్రమాదం ఉంది. నడుము నుంచి ద్రవం తీసి కొలిచినప్పుడు పెద్దవారిలో 25 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాటితే అనుమానం బలపడుతుంది. బరువు తగ్గడం, ద్రవం తయారీని తగ్గించే అసిటజోలమైడ్ అనే మందు ప్రధాన చికిత్సలు. ఒత్తిడి దిగితే చాలామందికి హోరు కూడా తగ్గుతుంది.