పితామహుడా, పింజారా? : నాజర్ బుర్రకథ మీద కొన్ని ప్రశ్నలు

గుణదల మేరీమాత తిరునాళ్లు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. కృష్ణా, గుంటూరు పల్లెల నుంచి కూలీనాలీ జనం కొండకి చేరతారు. అందులో దళిత క్రైస్తవులు పెద్ద సంఖ్యలో ఉంటారు. ఆ మూడు రోజులూ మైకుల్లో మోగే పాటల్ని చెవిపెట్టి వింటే ఒక సంగతి తెలుస్తుంది. మాటలు బైబిలువి, వరసలు చాలావరకు నాట్లవి, కోతలవి, కోలాటాలవి. ఈ వరసలు ఎవరివని అడగండి, "జానపదం" అని టక్కున జవాబొస్తుంది. జానపదమంటే అందరిదీ అని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అందరిదీ అన్నది చివరికి ఎవరిదీ కాకుండా పోవడం, దాన్ని వేదిక ఎక్కించినవాళ్లదిగా మారిపోవడం మాత్రం చెప్పవు.

అదే ఫిబ్రవరి షేక్ నాజర్ పుట్టిన నెల, పోయిన నెల కూడా. 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టాడు, 1997 ఫిబ్రవరి 22న చనిపోయాడు. ఆయన గురించి రాసేవాళ్లు దాదాపు అందరూ "బుర్రకథ పితామహుడు" అనే మాటతో మొదలుపెడతారు. గౌరవంతోనే అంటారు, అనుమానం లేదు. కానీ నాజర్ తన బతుకు తాను చెప్పుకున్న పుస్తకం పేరు "పింజారి". ఆయన చెప్తుంటే అంగడాల వెంకట రమణమూర్తి రాసిన పుస్తకమది. లోకమంతా పితామహుడు అంటున్న మనిషి తన కథకి పింజారి అని పేరెందుకు పెట్టుకున్నాడు? ఈ ప్రశ్న దగ్గర మన విమర్శకులెవరూ ఎక్కువసేపు ఆగలేదు.

పింజారి అంటే దూది ఏకేవాడు. దూదేకుల, నూర్‌బాషా అన్నా వాళ్లే. ఇంట్లో మాట్లాడేది తెలుగు. మసీదుకి పోతే ఉర్దూ రాని సాయిబు, ఊళ్లోకి వస్తే తురక. వీరబ్రహ్మం శిష్యుడు సిద్ధయ్య కూడా ఈ కులంవాడే. తెలుగులో ఈ కులం పేరు ఒక తిట్టు. సినిమాల్లో, నాటకాల్లో ఎదుటివాడి విలువ తీసెయ్యాలంటే వాడే మాట. మాల, మాదిగ అన్న మాటల్ని తిట్లుగా విని పెరిగిన మనకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. తిట్టునే పేరుగా ఎత్తుకోవడం దళిత ఉద్యమం చేసిన పని. ఆ పని నాజర్ తన పద్ధతిలో తాను చేశాడు. పద్మశ్రీ 1986లో వచ్చింది. పద్మశ్రీ వచ్చినవాడికి కులం ఉండకూడదని మనవాళ్ల మర్యాద. ఆయన ఆ మర్యాద పాటించలేదు.

బుర్రకథ నాజర్ పుట్టించిన కళ కాదు. జంగాలు చెప్పే జంగం కథ దాని తల్లి. ఇంటింటికీ తిరిగి, తంబురా మీటుతూ, డక్కీ కొడుతూ కథ చెప్పి గింజలు తీసుకునే బతుకు అది. ఆ పని చేసిన ఆడవాళ్లూ ఉన్నారు. 1940లలో కమ్యూనిస్టులు ఈ రూపాన్ని తీసుకుని మార్చారు. నడుమ కథకుడు, నిలువుటంగీ, తలపాగా, నడుముకి దట్టీ, కాళ్లకి గజ్జెలు, భుజం మీద తంబురా, వేళ్లకి అందెలు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం చెబుతాడు, రెండోవాడు రాజకీయం చెబుతాడు. సుంకర సత్యనారాయణ "కష్టజీవి" ఈ కొత్త రూపంలో వచ్చిన తొలి రచనల్లో ముఖ్యమైంది. 1943లో ప్రజానాట్యమండలి పెట్టాక బుర్రకథ దళాలు డెల్టా అంతా తిరిగాయి. బెంగాల్ కరువు మీద నాజర్ చెప్పిన కథ ఆ రోజుల్లోదే. మద్రాసు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీని నిషేధించాక ఈ కళాకారులు చెల్లాచెదురయ్యారు, చాలామంది మద్రాసు పోయి సినిమాల్లో చేరారు. నాజర్ చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ 1954లో "అగ్గిరాముడు" సినిమాలో తెరకెక్కింది. అంతకుముందు పొలంగట్టు మీద విన్నవాళ్లు ఇప్పుడు టిక్కెట్టు కొని విన్నారు.

ఇక్కడిదాకా అందరూ చెప్పే కథే. మనం అడగాల్సింది ఇంకొకటి. ఈ ఏర్పాటులో ఎవరు ఎక్కడ నిలబడ్డారు? డెల్టా కమ్యూనిస్టు నాయకత్వంలో కమ్మ రైతు కుటుంబాలవాళ్లు ఎక్కువని సెలిగ్ హారిసన్ 1956లోనే రాశాడు. ఆయన రాజకీయ ఉద్దేశాలు ఏవైనా కానివ్వండి, ఊళ్లలో ఉన్నవాళ్లకి ఆ సంగతి చెప్పడానికి అమెరికా పండితుడు అక్కర్లేదు. పార్టీ వాళ్లది, వింటున్న కూలిజనంలో సగం మనవాళ్లు, నడుమ నిలబడి చెబుతున్న గొంతు పింజారిది. పోలీసు దెబ్బలు తిన్న కళాకారుల త్యాగాన్ని ఎవరూ తక్కువ చెయ్యలేరు, చెయ్యకూడదు. అయినా "ప్రజల కళ" అన్న మాటలో ఆ ప్రజల కులాలు కనపడకుండా పోయాయి. జంగం భిక్షాటన పోయి కళాకారుడు వచ్చాడు అని గర్వంగా చెప్పుకున్నాం. ఆ జంగం ఏమయ్యాడని ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

కథల ఎంపిక సంగతి చూడండి. బొబ్బిలి యుద్ధం 1757 నాటి జమీందార్ల పౌరుషం. కోట కాలిపోతుంటే తాండ్ర పాపారాయుడి కోసం కంటతడి పెట్టినవాళ్లలో, ఏ కోటలోకీ రానివ్వని జనం ఎంతమందో! అల్లూరి కథలో 1922-24 నాటి మన్యం తిరుగుబాటు మొత్తం ఒక్క క్షత్రియ వీరుడి భుజాల మీదికి పోతుంది. గాం గంటం దొర, మల్లు దొర వంత స్థానంలోకి జరుగుతారు. బుర్రకథ రూపమే అట్లాంటిది, నడుమ ఒక వీరుడు కావాలి. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వచ్చిన దళిత పాట బుర్రకథని పెద్దగా పట్టుకోకుండా డప్పుని పట్టుకోవడానికి ఒక కారణం ఇదేనని నా అనుమానం. చచ్చిపోయినవాళ్లని పేరుపేరునా పిలవాల్సి వచ్చినప్పుడు ఒక్క వీరుడి కథ చాలదు.

పల్నాటి కథ సంగతి వేరు. దాని గురించి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి. నాజర్‌కి పేరు తెచ్చినవాటిలో పల్నాటి యుద్ధం ఒకటి. బ్రహ్మనాయుడు, చాపకూడు, మాల కన్నమదాసు సైన్యాధిపతి కావడం, ఇవన్నీ ఉన్న కథ అది. అందుకే అభ్యుదయవాదులకి ఇష్టమైంది. సాహిత్య చరిత్రలో ఈ కథ శ్రీనాథుడి పేరు మీద ఉంది. వేదికల మీద బుర్రకథల వాళ్ల పేరు మీద ఉంది. మరి కారెంపూడిలో? అక్కడ ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఆ రోజుల్లో కథ పాడేది వీరవిద్యావంతులు. వాళ్లు మాలలు. వాళ్లలో ఆలిశెట్టి గాలెయ్య పాడిన కథని జీన్ రోఘెయిర్ అనే అమెరికన్ పరిశోధకుడు రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చి, 1982లో పుస్తకంగా తెచ్చాడు. మన విశ్వవిద్యాలయాల పక్కనే ఉన్న గాయకుడి పేరు మనలో చాలామందికి ఆ పుస్తకం ద్వారానే తెలిసింది. తెలుగు శాఖల్లో ఎం.ఏ. చదివిన మిత్రుల్ని అడిగి చూశాను. శ్రీనాథుడు అందరికీ తెలుసు, నాజర్ సగంమందికి తెలుసు, గాలెయ్య ఒక్కరికీ తెలియదు.

ఒకే కథ పాడిన ఇద్దరిలో ఒకరిది కళా జీవితం అయింది, రెండోవారిది కులాచారంగా మిగిలింది. గొంతులో తేడా వల్ల అయిందని నేననుకోను. నాజర్‌కి పార్టీ వేదిక దొరికింది, తర్వాత సినిమా దొరికింది. వీరవిద్యావంతుడికి దొరికింది వీరుల గుడి ముంగిలి. అక్కడ అతను పాడేది హక్కూ అవుతుంది, చాకిరీ కూడా అవుతుంది.

ఈ సంగతి మన దగ్గరే జరిగిందనుకుంటే పొరపాటు. అమెరికాలో "కంట్రీ మ్యూజిక్" అంటే తెల్ల రైతుల పాట అని పేరు. అందులోదే బ్లూగ్రాస్ అనే శాఖ. దానికి ప్రాణం బాంజో. ఆ బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం సొరబుర్రకి తోలు బిగించి చేసుకున్న వాయిద్యం. బ్లూగ్రాస్‌కి "తండ్రి" అనిపించుకున్న బిల్ మన్రో, కుర్రతనంలో ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి గిటారు వాద్యకారుడితో కలిసి వాయించానని తానే చెప్పాడు. షుల్ట్జ్ 1931లో చనిపోయాడు, ఒక్క రికార్డు కూడా మిగల్లేదు. 1920లలో రికార్డు కంపెనీలు ఒకే ప్రాంతం పాటల్ని రెండు జాబితాలు చేసి అమ్మాయి, నల్లవాళ్లకొకటి, తెల్లవాళ్లకొకటి. డిఫోర్డ్ బెయిలీ అని హార్మోనికా వాయించే నల్ల కళాకారుడు ఉండేవాడు. నాష్‌విల్ రేడియోలో "గ్రాండ్ ఓల్ ఓప్రీ" అనే ప్రఖ్యాత కార్యక్రమానికి 1927లో ఆ పేరు పెట్టిందే ఆయన వాయించిన వెంటనే. 1941లో ఆయన్ని తీసేశారు. తర్వాత బూట్లు పాలిష్ చేసే కొట్టు నడుపుకుని బతికాడు. 1982లో పోయాడు. కంట్రీ మ్యూజిక్ ప్రముఖుల వరసలో పేరు చేర్చింది 2005లో. అక్కడా "తండ్రి" ఉన్నాడు, ఆ తండ్రికి నేర్పినవాడు లెక్కలో లేడు.

అయితే నాజర్‌ని బిల్ మన్రో పక్కన నిలబెడితే అన్యాయం చేసినవాళ్లమవుతాం. మన్రో తెల్లవాడు, సొంతదారు. నాజర్ ఎక్కడా సొంతదారు కాడు. బెయిలీకి దగ్గరగా ఉన్న మనిషి. వేదిక ఆయన్ని మోసింది నిజమే, కానీ ఆ వేదికని నడిపినవాళ్లలో ఆయన కులంవాళ్లు లేరు. కాబట్టి మాలల కథని నాజర్ కాజేశాడు అనే తొందర తీర్పు నాకు రుచించదు. మనలో కొందరు ఆ మాట అంటున్నారు గనక చెబుతున్నాను. కింది కులాల గొంతులు రెండింటిని తీసుకుని ఒకదానికి బిరుదు, ఇంకొకదానికి మౌనం ఇచ్చిన ఏర్పాటు మీద కోపం రావాలి గానీ బిరుదు అందుకున్న పింజారి మీద కాదు. ఆ బిరుదు ఆయన్ని ఎంత ఇరుకున పెట్టిందో ఆ పుస్తకం పేరే చెబుతోంది. పితామహుడు అంటే గోత్రం ఉన్నవాడి మాట. నాజర్ తన గోత్రం దూదిలో వెతుక్కున్నాడు.

ఇంకొక్కటి. నాజర్ కథల జాబితా ఎక్కడ చూసినా అల్లూరి, పల్నాడు, బొబ్బిలి, బెంగాల్ కరువు అని వరసగా ఉంటాయి. వాటి మధ్యలో ప్రహ్లాద అనీ, క్రీస్తు అనీ రెండు పేర్లు ఇరుక్కుని ఉంటాయి. దూదేకుల సాయిబు ఒకడు జంగాల తంబురా భుజాన వేసుకుని క్రీస్తు కథ చెప్పాడు! సెక్యులరిజం అని ఒక మాట అనేసి దాటిపోతారు. కానీ డెల్టాలో క్రీస్తు కథ వినడానికి కూర్చునేవాళ్లు ఎవరు? మాల, మాదిగ పేటల్లోవాళ్లు. అంటే వీరుడు లేని కథ, దెబ్బలు తిని చంపబడ్డ మనిషి కథ, బుర్రకథ రూపంలో మన జనం ముందుకొచ్చింది. అక్కడ హాస్యం చెప్పే వంత ఏం చెప్పి ఉంటాడు? రాజకీయం చెప్పే వంత ఎవరి మీద విసుర్లు విసిరి ఉంటాడు? బొబ్బిలి మీద వ్యాసాలు రాసినవాళ్లకి ఇది పట్టలేదు.

ఆ కథ విన్నవాళ్లు గుణదల కొండ కింది ఇళ్లల్లో, నది అవతల పేటల్లో ఒకరిద్దరైనా మిగిలి ఉండొచ్చు. వాళ్లకిప్పుడు డెబ్భై, ఎనభై దాటి ఉంటాయి. మన విద్యార్థులు వచ్చే తిరునాళ్లకి పుస్తకాల బల్ల పెట్టడంతో పాటు ఒక టేప్ రికార్డరో ఫోనో పట్టుకుని కూర్చోవాలి. కథ ఎక్కడ విన్నారు, ఎవరు పిలిపించారు, ఆ రాత్రి నాజర్‌కి అన్నం ఎవరింట్లో పెట్టారు. ముందు ఈ మూడూ అడిగి రాసుకోవాలి.